గొంతునొప్పి తగ్గింది సరే, తేదీ రాసుకున్నారా? బడి పిల్లల్లో స్ట్రెప్ ఇన్ఫెక్షన్ గుండెకూ కిడ్నీకీ పాకకుండా చూసుకునే పద్ధతి

పిల్లాడికి ఉన్నట్టుండి గొంతునొప్పి వస్తుంది. రెండు రోజులు గట్టిగా జ్వరం, మింగలేక ఏడుపు. నాలుగో రోజుకల్లా జ్వరం దిగిపోతుంది. ఐదో రోజు బ్యాగు తగిలించుకుని బడికి పోతాడు. ఇంట్లో ఆ సంగతి అందరూ మర్చిపోతారు.

స్ట్రెప్టోకాకస్ (పొట్టిగా స్ట్రెప్) అనే క్రిమితో వచ్చే చిక్కంతా ఈ మర్చిపోవడంలోనే ఉంది. ఈ క్రిమి వల్ల వచ్చిన గొంతునొప్పి మందు వేసినా, వేయకపోయినా మూడు నుంచి ఐదు రోజుల్లో చాలావరకు తగ్గిపోతుంది. గుండెనూ కిడ్నీనీ పట్టే జబ్బు మాత్రం అప్పుడు రాదు. పది రోజుల నుంచి మూడు వారాల దాకా ఆగి, బిడ్డ హాయిగా ఆడుకుంటున్న సమయంలో వస్తుంది. అప్పుడు కాళ్లనొప్పులకు ఒక డాక్టరు దగ్గరికి, ముఖం ఉబ్బిందని ఇంకో డాక్టరు దగ్గరికి తిరుగుతారు. పాత గొంతునొప్పి ఊసు ఎవరికీ గుర్తుండదు, డాక్టరు అడిగినా చెప్పలేరు.

అందుకే ఇక్కడ మందుల పేర్లకన్నా తేదీల గురించే ఎక్కువ చెబుతాను. గొంతునొప్పి మొదలైన రోజును ఒకటో రోజుగా గోడ క్యాలెండరు మీద రాసుకోండి. కింద చెప్పే లెక్కలన్నీ దాన్నుంచే మొదలవుతాయి.

ఈ క్రిమి ఎందుకు ఇంత దూరం పోతుంది

దీని పూర్తి పేరు స్ట్రెప్టోకాకస్ పయోజెనీస్. డాక్టర్లు గ్రూప్ ఎ స్ట్రెప్ అంటారు. స్ట్రెప్టోకాకస్ క్రిములను ఇలా గ్రూపులుగా విడదీసే పద్ధతిని 1933లో రెబెకా లాన్స్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త కనిపెట్టారు. ఇది ఎక్కువగా పట్టేది 5 నుంచి 15 ఏళ్ల పిల్లలనే, అంటే సరిగ్గా బడి వయసు. మూడేళ్లలోపు పిల్లల్లో ఈ గొంతు ఇన్ఫెక్షన్ తక్కువ, దాని వెనక వచ్చే గుండె జబ్బు మరీ అరుదు.

ఇది రెండు దారుల్లో హాని చేస్తుంది. మొదటిది నేరుగా చేసేది: గొంతులోంచి పక్కకు పాకి టాన్సిల్ వెనక చీముగడ్డ కట్టడం, చెవిలో చీము, సైనస్‌ల ఇన్ఫెక్షన్, మెడలో బిళ్ల పెద్దదై చీము పట్టడం. ఇవి జబ్బు నడుస్తుండగానే కనిపిస్తాయి కాబట్టి ఎవరో ఒకరు గమనిస్తారు.

రెండో దారిలో హాని చేసేది క్రిమి కాదు, మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే. క్రిమి ఒంటిమీద ఉండే కొన్ని ప్రొటీన్లు మన గుండె కండరం, కవాటాలు, కీళ్లు, మెదడులోని కొన్ని భాగాల పోలికలోనే ఉంటాయి. క్రిమిని చంపడానికి తయారైన యాంటీబాడీలు, కణాలు ఆ పోలికకు మోసపోయి సొంత అవయవాల మీద పడతాయి. అదే రుమాటిక్ జ్వరం, అంటే కీళ్లవాత జ్వరం. కిడ్నీ సంగతి కొంచెం వేరు. అక్కడ క్రిమి పదార్థాలూ యాంటీబాడీలూ కలిసి కిడ్నీలోని వడపోత జల్లెడలో చిక్కుకుని వాపు తెస్తాయి. ఈ రక్షణ చర్య ముదరడానికి వారాలు పడుతుంది. గొంతు మానిన తర్వాత జబ్బు రావడానికి కారణం అదే.

మొదటి అడుగు: జలుబు గొంతా, స్ట్రెప్ గొంతా

పిల్లలకు వచ్చే గొంతునొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. స్ట్రెప్ వాటా సుమారు 20 నుంచి 30 శాతం. కాబట్టి ప్రతి గొంతునొప్పికీ కంగారుపడి యాంటీబయాటిక్ వేయకూడదు, అన్నింటినీ జలుబు ఖాతాలో రాసేయకూడదు కూడా.

స్ట్రెప్ సాధారణంగా హఠాత్తుగా మొదలవుతుంది. ఉదయం బాగానే ఉన్న పాప సాయంత్రానికి 38 డిగ్రీల సెల్సియస్ పైన జ్వరంతో పడుకుంటుంది. ఉమ్మి మింగినా నొప్పే. నోరు తెరిపించి టార్చి వేసి చూస్తే టాన్సిల్స్ ఎర్రగా ఉబ్బి, వాటిమీద తెల్లటి చీము మచ్చలు ఉండొచ్చు. అంగిట్లో సన్నటి ఎర్ర చుక్కలు కనిపించొచ్చు. దవడ కింద, మెడ ముందు భాగంలో బిళ్లలు కట్టి, తాకితే నొప్పి అంటారు. చిన్నపిల్లల్లో తలనొప్పి, కడుపునొప్పి, వాంతులు కూడా ఉంటాయి. కొందరు అసలు గొంతు ఊసెత్తకుండా కడుపునొప్పి అనే ఏడుస్తారు. అందుకని జ్వరంతో కడుపునొప్పి అన్నప్పుడు గొంతు కూడా చూడటం అలవాటు చేసుకోండి.

ముక్కు కారుతూ, దగ్గు, గొంతు బొంగురు, కళ్ల కలక, నోట్లో పుండ్లు ఉంటే అది వైరస్ అయ్యే అవకాశమే ఎక్కువ. దగ్గు లేకపోవడమన్నది స్ట్రెప్ వైపు చూపించే మంచి గుర్తు.

గొంతునొప్పితోపాటు ఒంటిమీద గరుకు కాగితంలా తగిలే సన్నటి ఎర్ర దద్దుర్లు, నోటి చుట్టూ మాత్రం పాలిపోయిన చర్మం, స్ట్రాబెర్రీ పండులా బుడిపెలు బుడిపెలుగా ఎర్రబడ్డ నాలుక కనిపిస్తే అది స్కార్లెట్ ఫీవర్. నలుపు ఎక్కువున్న చర్మం మీద ఎరుపు కనబడకపోవచ్చు. కాబట్టి పొట్ట మీద, చంకల దగ్గర అరచేత్తో తడిమి చూడండి. పేరు భయపెట్టినా ఇదీ అదే క్రిమి, చికిత్సా అదే.

రెండో అడుగు: చూసి కాదు, పరీక్ష చేసి తేల్చుకోండి

ఎంత అనుభవమున్న డాక్టరైనా గొంతు చూసి మాత్రమే ఇది స్ట్రెప్ అని కచ్చితంగా చెప్పలేరు. తెల్ల మచ్చలు కొన్ని వైరస్‌లలోనూ వస్తాయి. గొంతులోంచి దూదిపుల్లతో నమూనా తీసి చేసే రాపిడ్ టెస్టు నిమిషాల్లో ఫలితం చెబుతుంది. పాజిటివ్ వస్తే నమ్మి చికిత్స మొదలుపెట్టొచ్చు. నెగటివ్ వచ్చినా, బడి వయసు పిల్లల్లో కల్చర్ పరీక్ష (నమూనాలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసేది) కూడా చేయించమంటారు. ఎందుకంటే రాపిడ్ టెస్టు కొన్ని కేసులను పట్టుకోలేదు. కల్చర్ రిపోర్టుకు ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ ఆలస్యం వల్ల నష్టమేమీ లేదు, ఎందుకో కింద చెబుతాను. ఈ పరీక్షలు అందుబాటులో లేని చోట, లక్షణాలు బలంగా ఉంటే డాక్టరు పరీక్ష లేకుండానే చికిత్స మొదలుపెట్టొచ్చు. రుమాటిక్ జ్వరం ఎక్కువగా కనిపించే ప్రాంతాల్లో అలా చేయడమే మేలు.

ఒక్క మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఏఎస్ఓ టైటర్ అనే రక్తపరీక్ష గొంతునొప్పికి చేసే పరీక్ష కాదు. ఇన్ఫెక్షన్ వచ్చాక మూడు నుంచి ఐదు వారాలకు అది పైకి వెళుతుంది, తర్వాత నెలల తరబడి ఎక్కువగానే ఉండొచ్చు. బడి పిల్లల్లో అది కొంచెం ఎక్కువ ఉండటం మామూలే. ఎప్పుడో ఒకప్పుడు ఆ క్రిమి వచ్చి పోయిందని మాత్రమే దాని అర్థం. వట్టి ఏఎస్ఓ ఎక్కువుందని, మామూలు కాళ్లనొప్పులున్న బిడ్డకు ఏళ్ల తరబడి పెన్సిలిన్ ఇంజెక్షన్లు వేయించడం అన్యాయం. అలాంటి సలహా వస్తే ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్) పరీక్షతో సహా మరో డాక్టరు అభిప్రాయం తీసుకోండి.

మూడో అడుగు: తొమ్మిది రోజుల గడువు

గొంతునొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు సరైన యాంటీబయాటిక్ మొదలుపెడితే రుమాటిక్ జ్వరం రాకుండా ఆపవచ్చు. ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. అమెరికాలోని వయోమింగ్‌లో వారెన్ వైమానిక స్థావరంలో స్ట్రెప్ గొంతు విపరీతంగా వ్యాపించినప్పుడు అక్కడి సైనికుల మీద అధ్యయనాలు చేశారు. పెన్సిలిన్ చికిత్స రుమాటిక్ జ్వరాన్ని ఆపుతుందని 1950లో ప్రచురించారు. చికిత్స తొమ్మిది రోజులు ఆలస్యమైనా రక్షణ ఉంటుందని ఆ తర్వాత అక్కడే తేలింది. చికిత్స లేనివాళ్లలో అప్పట్లో నూటికి సుమారు ముగ్గురికి రుమాటిక్ జ్వరం వచ్చింది.

దీన్నుంచి ఇంట్లో వాళ్లకు తెలియాల్సినవి రెండు. కల్చర్ రిపోర్టు కోసం రెండు రోజులు ఆగడం ప్రమాదమేమీ కాదు, అర్ధరాత్రి మందుల షాపుకు పరుగెత్తక్కర్లేదు. అలాగే బిడ్డకు జ్వరం దిగిపోయిందని డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేయకండి. ఆరో రోజున కల్చర్ పాజిటివ్ అని ఫోను వస్తే, బిడ్డ ఎగిరి గంతులేస్తున్నా సరే, మందు మొదలుపెట్టాల్సిందే.

నాలుగో అడుగు: పది రోజులంటే పది రోజులు

మొదటి మందు ఇప్పటికీ పెన్సిలిన్ కుటుంబమే. ఎనభై ఏళ్లుగా వాడుతున్నా, పెన్సిలిన్‌కు పూర్తిగా ఎదురు నిలిచే గ్రూప్ ఎ స్ట్రెప్ రోగుల్లో ఇంతవరకు కనిపించలేదు. ఖరీదైన కొత్త యాంటీబయాటిక్ రాయలేదని డాక్టరు మీద అసంతృప్తి పడనక్కర్లేదు. ఈ జబ్బుకు పాత మందే మంచి మందు.

పిల్లలకు ఎక్కువగా రాసేది అమాక్సిసిలిన్, లేదా పెన్సిలిన్ వి. రెండూ పది రోజులు వేయాలి. అమాక్సిసిలిన్‌ను రోజుకు ఒక్కసారి ఇచ్చే పద్ధతి కూడా ఉంది. సిరప్ రుచి కూడా బాగుంటుంది కాబట్టి మారాం చేసే పిల్లలకు అది సులువు. డోసు బరువును బట్టి ఉంటుంది, కనుక వెళ్లేముందు బిడ్డ బరువు చూసుకుని వెళ్లండి. అన్నకు రాసిన సీసాను తమ్ముడికి పట్టకండి.

పెన్సిలిన్ పడని పిల్లలకు, అది ఎలాంటి అలర్జీ అన్నదాన్ని బట్టి, సెఫాలెక్సిన్, అజిత్రోమైసిన్, క్లిండామైసిన్ లాంటివి ఇస్తారు. అజిత్రోమైసిన్ ఐదు రోజులే. అయితే దానికి లొంగని స్ట్రెప్ రకాలు చాలా చోట్ల ఉన్నాయి కాబట్టి, చిన్న కోర్సు కదా అని కావాలని అడగకండి. సల్ఫా మందులు, టెట్రాసైక్లిన్లు ఈ గొంతుకు పనికిరావు.

అందరూ తడబడేది ఇక్కడే. రెండో రోజుకు జ్వరం పోతుంది, మూడో రోజుకు నొప్పి పోతుంది, నాలుగో రోజు ఉదయం హడావిడిలో ఒక డోసు మరిచిపోతారు, ఆరో రోజుకు సీసా ఫ్రిజ్‌లో వెనక్కి పోతుంది. బిడ్డ బాగుండటం వేరు, గొంతులోంచి క్రిమి పూర్తిగా పోవడం వేరు. రుమాటిక్ జ్వరాన్ని ఆపేది రెండోదే.

కోర్సు తప్పిపోకుండా ఉండటానికి కొన్ని మార్గాలున్నాయి. క్యాలెండరు మీద పది గళ్లు గీసి, డోసు వేసిన ప్రతిసారీ బిడ్డ చేతే టిక్కు పెట్టించండి. మందును రోజూ తప్పకుండా జరిగే పనికి, పళ్లు తోముకోవడానికో రాత్రి భోజనానికో, ముడిపెట్టండి. పొడితో వచ్చే సిరప్ కలిపాక ఎన్నాళ్లు నిలవ ఉంటుందో సీసా మీద చూడండి. పది రోజులకు ఒక సీసా చాలకపోతే రెండోది మొదటి రోజే తెచ్చుకోండి. కొలతకు ఇంట్లో చెంచా కాకుండా సీసాతో ఇచ్చిన కొలత మూతో సిరంజో వాడండి. ఒక డోసు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే ఇవ్వండి. తర్వాతి డోసుకు వేళ అయిపోయి ఉంటే మాత్రం రెండు కలిపి ఇవ్వొద్దు.

ఇంట్లో పరిస్థితులు ఇన్ని రోజులు మందు వేయడానికి అనుకూలించవనుకుంటే ఆ మాట మొహమాటపడకుండా డాక్టరుతో చెప్పండి. బెంజథిన్ పెన్సిలిన్ అనే ఒకే ఒక్క ఇంజెక్షన్‌తో కోర్సు పూర్తవుతుంది. 27 కిలోల లోపు పిల్లలకు 6 లక్షల యూనిట్లు, ఆ పైన 12 లక్షల యూనిట్లు కండలోకి వేస్తారు. నొప్పి ఉంటుంది, నిజమే. కానీ సగంలో ఆగిపోయిన కోర్సుకన్నా అది వెయ్యి రెట్లు నయం.

నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు సొంతంగా ఇవ్వకూడదు. చల్లటి ద్రవాలు, మెత్తటి తిండి, తగినంత నీళ్లు ఇవ్వండి. పుక్కిలించగల వయసైతే ఉప్పునీళ్లు కాస్త ఉపశమనమిస్తాయి. ఇవన్నీ హాయి కోసం, మందుకు బదులు కావు. కోర్సు అయ్యాక బిడ్డ బాగుంటే మళ్లీ గొంతు పరీక్ష సాధారణంగా అక్కర్లేదు.

ఐదో అడుగు: ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన గుర్తులు

మందు మొదలుపెట్టిన రెండు మూడు రోజులకు కూడా జ్వరం దిగకపోతే డాక్టరుకు మళ్లీ చూపించండి. కింది వాటిలో ఏది కనిపించినా మాత్రం అదే గంటలో బయలుదేరండి:

- నోరు సరిగా తెరవలేకపోవడం, చొంగ కారడం, మాట ముద్దగా రావడం, నొప్పంతా ఒక పక్కకే ఉండటం. టాన్సిల్ పక్కన చీముగడ్డ కట్టి ఉండొచ్చు.
- మెడ బిగుసుకుపోవడం, తల ఒక పక్కకు వాల్చి తిప్పలేకపోవడం, ఊపిరి తీస్తుంటే శబ్దం.
- చెవి వెనక ఎముక మీద వాపు, చెవి ముందుకు తోసినట్టు కనిపించడం.
- నీళ్లు కూడా దిగకపోవడం, మూత్రం బాగా తగ్గిపోవడం.
- కాలో చెయ్యో పైకి పెద్దగా ఏమీ కనిపించకుండానే భరించలేనంత నొప్పి, లేదా చూస్తుండగానే పాకే ఎరుపు. దాంతోపాటు మత్తు, అయోమయం, చల్లబడ్డ చేతులు కాళ్లు.

చివరిది చాలా అరుదు, కానీ గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఆటలమ్మ వచ్చిన పిల్లల్లో ఈ ప్రమాదం ఎక్కువ. ఆటలమ్మ తగ్గుతున్న బిడ్డకు జ్వరం మళ్లీ పెరిగినా, ఒక పొక్కు చుట్టూ ఎర్రగా వాచి విపరీతంగా నొప్పి అన్నా తెల్లారేదాకా ఆగొద్దు. ఆటలమ్మ టీకా ఈ ప్రమాదాన్ని కూడా తగ్గిస్తుంది.

ఆరో అడుగు: గొంతు మానాక ఆరు వారాల కాపలా

నాకు ఈ వ్యాసంలో అన్నింటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. క్యాలెండరులో ఒకటో రోజు నుంచి ఆరు వారాలు లెక్కపెట్టి ఆ తేదీ చుట్టూ గీత గీయండి. అప్పటిదాకా బిడ్డను మామూలుగానే తిరగనివ్వండి, ఆడుకోనివ్వండి, మీ కన్ను మాత్రం ఉండాలి. ఇంట్లో గొంతునొప్పి ఎవరూ గమనించకుండానే రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలు ఎందరో ఉంటారు. కాబట్టి ఈ గుర్తులు ఏ బిడ్డలో కనిపించినా పట్టించుకోవాలి.

కీళ్లు. రుమాటిక్ జ్వరంలో మోకాలు, చీలమండ, మోచెయ్యి, మణికట్టు లాంటి పెద్ద కీళ్లు వాచి, వేడెక్కి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పిగా ఉంటాయి. ఇవాళ మోకాలు, ఎల్లుండికి అది తగ్గి చీలమండ, ఇలా నొప్పి ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుంది. ఎదిగే పిల్లలకు వచ్చే మామూలు కాళ్లనొప్పులు ఇలా ఉండవు. అవి సాయంత్రమో రాత్రో రెండు కాళ్లలోనూ వస్తాయి, వాపు ఉండదు, పొద్దున్నే పరుగులు పెడతారు. తేడా గమనించండి. అనుమానమొస్తే డాక్టరు చూసేదాకా ఇబుప్రోఫెన్ లాంటి వాపు తగ్గించే మాత్రలు వేయకండి. ఈ నొప్పి వాటికి ఇట్టే లొంగిపోతుంది, కీలు నుంచి కీలుకు మారే గుర్తు చెరిగిపోతుంది, జబ్బు బయటపడదు. పారాసిటమాల్ ఇవ్వొచ్చు.

గుండె. రుమాటిక్ జ్వరం కీళ్లను నాకి గుండెను కాటేస్తుందని వైద్యుల్లో పాత మాట ఒకటుంది. కీళ్లు మచ్చ లేకుండా మానిపోతాయి, కవాటాలు మానవు. మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకోలేకపోవడం, గుండెదడ, ఛాతీనొప్పి, రోజూ ఆడే ఆటకు కూడా అలిసి కూర్చోవడం, కాళ్ల వాపు చూడండి. చాలామందిలో ఇవేవీ ఉండవు, స్టెతస్కోపుకు కూడా దొరకవు. అందుకే, రుమాటిక్ జ్వరాన్ని నిర్ధారించడానికి డాక్టర్లు వాడే జోన్స్ ప్రమాణాలను 2015లో సవరించినప్పుడు చెప్పిన ప్రకారం రుమాటిక్ జ్వరం అనుమానించిన ప్రతి బిడ్డకూ ఎకో చేయాలి. గుండెకు ఏమీ లేనట్టే ఉంది కదా అని ఎకో వద్దనకండి.

చేతిరాత. ఇది చదివే టీచర్లు ఈ పేరా మరోసారి చదవమని నా మనవి. నిన్నటిదాకా ముత్యాల్లా రాసిన అమ్మాయి అక్షరాలు గీతలు దాటి పోతున్నాయి. గ్లాసు జారిపోతోంది, బొత్తాలు పెట్టుకోలేకపోతోంది, ఊరికే ముఖం చిట్లిస్తోంది, చేతులు కాళ్లు ఒకచోట నిలవడం లేదు, చిన్నమాటకే ఏడ్చేస్తోంది. దీన్ని అల్లరి అనో పొగరనో శిక్షించే ప్రమాదముంది. ఇది సిడెన్‌హామ్ కొరియా కావచ్చు. 17వ శతాబ్దపు ఆంగ్ల వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ వర్ణించిన జబ్బు. ఆడపిల్లల్లో ఎక్కువ, నిద్రలో ఆ కదలికలు ఆగిపోతాయి. దీనికి ఆరు వారాల లెక్క కూడా చాలదు, గొంతునొప్పి తర్వాత ఆరు నెలలకు కూడా రావచ్చు. తిట్టకుండా, ఇంటికి కబురు పెట్టి, డాక్టరుకు చూపించమనండి. ఈ ఒక్క గుర్తుతోనే రుమాటిక్ జ్వరం బయటపడి, గుండె దెబ్బతినకముందే రక్షణ దొరకవచ్చు.

ఒంటిమీద అంచులు ఎర్రగా పాకే ఉంగరాల్లాంటి మచ్చలు, మోచేతుల దగ్గర ఎముకల మీద నొప్పిలేని చిన్న గడ్డలు కూడా ఉండొచ్చు. అవి అరుదు.

కిడ్నీ. గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత సుమారు పది రోజులకు, చర్మం మీది పుండ్ల తర్వాత మూడు వారాలకో ఇంకాస్త ఆలస్యంగానో వస్తుంది. పొద్దున లేవగానే కళ్ల చుట్టూ ఉబ్బు, మూత్రం టీ డికాషన్ రంగులో లేదా కోలా రంగులో రావడం, మూత్రం తగ్గడం దీని గుర్తులు. బీపీ పెరిగితే తలనొప్పి, వాంతులు, చూపు మసక, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. పిల్లలకు బీపీ ఏమిటని కొట్టిపారేయకండి, చూపించమని అడగండి. మూత్ర పరీక్ష, రక్తపరీక్షలతో నిర్ధారిస్తారు. ఉప్పు తగ్గించడం, నీళ్లు కొలిచి ఇవ్వడం, బీపీకీ వాపుకీ మందులు చికిత్స. పిల్లల్లో చాలామంది పూర్తిగా కోలుకుంటారు. కంటికి కనబడని రక్తపు జాడ మూత్రంలో నెలల తరబడి ఉండొచ్చు, దానికి బెంగ పడకుండా చెప్పిన తేదీలకు పరీక్షలు చేయించాలి.

ఒక విషయం దాచకూడదు. సమయానికి యాంటీబయాటిక్ వేస్తే రుమాటిక్ జ్వరం ఆగుతుంది కానీ, కిడ్నీ వాపు తప్పకుండా ఆగుతుందని చెప్పలేం. కాబట్టి కోర్సు పూర్తిచేసిన బిడ్డ మూత్రం రంగు కూడా చూడాల్సిందే. అయితే ఆ మందు ఇంకో బిడ్డకు క్రిమి అంటకుండా ఆపుతుంది.

ఏడో అడుగు: చర్మం మీది పుండ్లు

మూతి దగ్గర, కాళ్లమీద పొక్కులు పగిలి తేనెరంగు పెచ్చు కట్టే పుండ్లు, అంటే ఇంపెటిగో, కూడా ఈ క్రిమి పనే కావచ్చు. అవే మానతాయిలే అని వదిలేస్తే కిడ్నీకి ప్రమాదం. పెచ్చును సబ్బు నీళ్లతో మెత్తబరిచి తుడిచి, డాక్టరు చెప్పిన ఆయింట్‌మెంట్ రాసి, గుడ్డ కప్పండి. ఒకటి రెండు పుండ్లకు పూత చాలు, ఎక్కువుంటే లోపలికి మందు కావాలి. గోళ్లు కత్తిరించండి. తువ్వాలు వేరుగా పెట్టండి.

పుండ్లు మళ్లీ మళ్లీ వస్తుంటే కింద గజ్జి ఉందేమో చూడండి. రాత్రిపూట ఎక్కువయ్యే దురద, వేళ్ల సందుల్లో గుల్లలు దాని గుర్తులు. గోకిన చోటల్లా స్ట్రెప్ చేరుతుంది. గజ్జికి ఇంట్లో అందరూ, దురద లేనివాళ్లు కూడా, ఒకేరోజు మందు రాసుకుని, చెప్పిన గడువుకు రెండోసారి రాసుకోవాలి. బిడ్డ ఒక్కరికే రాస్తే వారం తిరిగేసరికి మళ్లీ అంటుకుంటుంది.

ఎనిమిదో అడుగు: బడిలో చేయాల్సినవి

యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఒక రోజు గడిచి, జ్వరం కూడా పోయాకే బిడ్డను బడికి పంపండి. అప్పటికి ఇతరులకు అంటుకునే గుణం బాగా తగ్గుతుంది. పరీక్ష ఉందని జ్వరంతో పంపితే పక్క బెంచీ వాళ్లకు అంటిస్తారు. క్రిమి ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి రెండు నుంచి ఐదు రోజులు పడుతుంది. కనుక తరగతిలో ఒక కేసు తెలిసిన వారం రోజులు మిగతా పిల్లల్ని కనిపెట్టి ఉండాలి.

హాజరు పట్టీలో గైర్హాజరు పక్కన గొంతునొప్పి, జ్వరం అని ఒక్క ముక్క రాసే అలవాటు టీచర్లకు ఉంటే ఎంత మేలో. మూడు వారాల తర్వాత అదే బిడ్డ కుంటుతుంటే ఆ ముక్కే డాక్టరుకు ఆధారం. ఇంకా, కిటికీలు తెరిచి ఉంచండి, పిల్లల్ని మరీ ఇరికించి కూర్చోబెట్టకండి, సబ్బూ నీళ్లూ అందుబాటులో పెట్టండి. ఎవరి నీళ్లసీసా వాళ్లదే. దగ్గు, తుమ్ము మోచేతి మడతలోకి.

లక్షణాలేవీ లేని పిల్లలందరికీ పరీక్షలు చేయించి మందులు వేయించాలని కొన్ని చోట్ల అనుకుంటారు. వద్దు. పది మంది బడి పిల్లల్లో సుమారు ఒకరి గొంతులో ఈ క్రిమి ఏ హానీ చేయకుండా ఉంటుంది. వాళ్లు ఇతరులకు అంటించడం తక్కువ, వాళ్లకు గుండె ప్రమాదమూ చాలా తక్కువ. ఇంట్లో అన్నదమ్ములకూ అంతే, లక్షణాలుంటేనే పరీక్ష. అయితే ఆ ఇంట్లో ఎవరికైనా ఇదివరకు రుమాటిక్ జ్వరం వచ్చి ఉంటే ఈ మినహాయింపు లేదు, డాక్టరును అడగండి. ఒకే బిడ్డకు ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరుసగా రెండేళ్లు ఏడాదికి ఐదేసి సార్లు, లేదా వరుసగా మూడేళ్లు ఏడాదికి మూడేసి సార్లు గొంతు ఇన్ఫెక్షన్లు వస్తుంటే టాన్సిల్స్ ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. అంతకు తక్కువైతే తొందరపడక్కర్లేదు. ఈ క్రిమికి టీకా ఇంకా రాలేదు.

తొమ్మిదో అడుగు: ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన బిడ్డకు

ఆ బిడ్డకు ఇప్పటిదాకా చెప్పిన లెక్క సరిపోదు. మళ్లీ స్ట్రెప్ సోకితే రుమాటిక్ జ్వరం తిరిగి వచ్చే అవకాశం చాలా ఎక్కువ, వచ్చిన ప్రతిసారీ కవాటం ఇంకొంచెం పాడవుతుంది. గొంతునొప్పి వచ్చాక మందు వేద్దామని ఆగడం వీళ్ల విషయంలో కుదరదు, క్రిమి అసలు రాకుండానే చూడాలి. అందుకే మూడు లేదా నాలుగు వారాలకోసారి బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్. గుండెకు ఏమీ కానివాళ్లకు ఐదేళ్లు లేదా 21 ఏళ్లు వచ్చేదాకా, ఏది ఎక్కువైతే అది. గుండెకు తగిలి మానినవాళ్లకు పదేళ్లు లేదా 21 ఏళ్ల వయసుదాకా. కవాటం దెబ్బతిని మిగిలిపోతే పదేళ్లు లేదా 40 ఏళ్ల వయసుదాకా, ఒక్కోసారి జీవితాంతం. ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరే చెప్పాలి, బాగుంది కదా అని మీరు ఆపకండి.

ఏళ్ల తరబడి పొడిపించుకోవడం బిడ్డకు ఎంత కష్టమో తెలుసు. నొప్పి తగ్గించే మార్గాలున్నాయి: మందును ఫ్రిజ్ చల్లదనం పోయేదాకా బయట ఉంచడం, నెమ్మదిగా ఎక్కించడం, మత్తుమందు కలపడం, వేసేముందు ఆ చోట కాసేపు నొక్కి ఉంచడం. ఇవి అడగడం మీ హక్కు. ఖాళీ కడుపుతో తీసుకెళ్లకండి, వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టండి. తీవ్రమైన అలర్జీ బహు అరుదు, వచ్చినా అక్కడే ఉంటే చికిత్స అందుతుంది. కవాటాలు బాగా దెబ్బతిన్న బిడ్డకు ఇంజెక్షన్ కన్నా మాత్రలు మేలా అని గుండె డాక్టరును ముందే అడిగి ఉంచండి.

పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు గుండె సంగతి ముందే చెప్పండి. హాస్టల్‌కు పంపేటప్పుడు ఇంజెక్షన్ల కార్డు జిరాక్సు వార్డెన్‌కు ఇచ్చి, పై ఊరిలో ఎక్కడ వేస్తారో వెళ్లకముందే మాట్లాడుకోండి. ఎక్కువమంది మానేసేది ఇల్లు మారినప్పుడూ, బడి మారినప్పుడూనే.

ఇంజెక్షన్ తేదీ దాటిపోతే మొహమాటపడి మరో వారం ఆగకండి. గుర్తొచ్చిన రోజే వెళ్లి వేయించుకుని, తర్వాతి తేదీని ఆ రోజు నుంచి లెక్కపెట్టి కార్డు మీద రాయించండి. మధ్యలో గడిచిన రోజుల్లో గొంతునొప్పిగానీ జ్వరంగానీ వచ్చి ఉంటే ఆ మాట కూడా అక్కడే చెప్పండి.